కిందికి దిగిన కారు, పొడుగైన వాలు

కారు నడిపేవాడికి పని పైన, బాగుచేసేవాడికి పని కింద. ఇంజన్ ఆయిల్ దించే నట్టు అడుగునే ఉంటుంది. సైలెన్సర్ గొట్టం, గేర్‌బాక్సు, బ్రేకు పైపులు, స్టీరింగ్ జాయింట్లు అన్నీ అడుగునే. మోటారు వాహనం పుట్టిన నాటి నుంచీ మెకానిక్కుకి మొదటి చిక్కు రిపేరు కాదు, రిపేరు చేయాల్సిన చోటికి చేరడమే. దానికి దారులు రెండు. మనిషి కిందికి దిగాలి, లేకపోతే కారు పైకి ఎక్కాలి.

మనిషి దిగే దారి గుంత. తొలినాటి గరాజుల్లో నేల తవ్వి, ఇటుక గోడలు కట్టి, మెట్లు పెట్టేవారు. గుంతకి అటూ ఇటూ చక్రాలు ఉండేలా కారుని తెచ్చి నిలిపితే, మెకానిక్ లోపల నిలబడి పని చేసుకునేవాడు. కానీ పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు. అది పైకి పోదు, గుంత అడుగున పేరుకుంటుంది. ఒక్క నిప్పురవ్వ పడితే లోపలున్న మనిషికి తప్పించుకునే చోటుండదు. నీళ్లు ఊరడం, చీకటి, చూసుకోకుండా అడుగేసి లోపల పడటం వీటికి తోడు.

రెండో దారి, కారుని ఎక్కించడం. దూలాలతోనో రాళ్లతోనో కాంక్రీటుతోనో రెండు వాలు గోడలు కడితే చాలు. మన ఊళ్లలో పాత వాటర్ సర్వీసింగ్ సెంటర్లలో లారీలు ఎక్కి నిలబడే కాంక్రీటు గోడల జంట ఆ ఆలోచనే. దీనికి యంత్రం అక్కర్లేదు. కారుకి ఉన్న ఇంజనే దాన్ని పైకి చేరుస్తుంది.

వాలు చేసే సాయానికి లెక్క మాత్రం కార్ల కంటే చాలా ముందే తేలింది. 1586లో సైమన్ స్టెవిన్ అనే ఫ్లెమిష్ గణితజ్ఞుడు బరువుల శాస్త్రం మీద డచ్ భాషలో ఒక పుస్తకం అచ్చువేశాడు. రెండు వైపులా వేర్వేరు వాలున్న త్రిభుజం మీద, సమాన దూరంలో సమాన బరువు గుండ్లు కట్టిన గొలుసుని ఉంగరంలా వేలాడదీశాడనుకోండి. పొడుగు వాలు మీద ఎక్కువ గుండ్లు, పొట్టి వాలు మీద తక్కువ గుండ్లు ఉంటాయి. అయినా గొలుసు కదలదు. కదిలితే ఎప్పటికీ ఆగకుండా తిరుగుతూనే ఉండాలి, అది జరిగే పని కాదు. కాబట్టి పొడుగు వాలు మీద ఒక్కో గుండు లాగే బలం పొట్టి వాలు మీది గుండు లాగే బలం కంటే తక్కువ, ఎంత పొడుగైతే అంత తక్కువ. ఆ బొమ్మనే స్టెవిన్ పుస్తకం ముఖపత్రం మీద వేసుకున్నాడు. ఎత్తు అదే ఉండాలి, తోపుడు తగ్గాలి అంటే పొడవు పెంచక తప్పదు. కారు ర్యాంపు కథంతా ఈ ఒక్క బేరం చుట్టూ నడిచింది.

గరాజుల్లో ర్యాంపు రోజులు త్వరగానే మారాయి. అమెరికాలోని మెంఫిస్‌లో పీటర్ లునాటి అనే మెకానిక్కుకి మంగలి షాపులో పైకి లేచే కుర్చీ చూసి ఆలోచన వచ్చింది. మనిషిని లేపే ద్రవపీడనం కారుని ఎందుకు లేపదు? 1925లో అతను వాహనాల హైడ్రాలిక్ లిఫ్టుకి పేటెంటు పొందాడు. నేలలో పాతిన ఒకే స్తంభం మీద కారు లేచేది, లేచాక దాన్ని చుట్టూ తిప్పగలిగేవారు కూడా. అందుకే అతని కంపెనీకి రోటరీ లిఫ్ట్ అన్న పేరు పడింది. బ్రిటన్‌లో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్సుకి పేటెంటు పొందింది 1795లో. ఆ సూత్రం గరాజుకి చేరడానికి 130 ఏళ్లు పట్టింది.

లిఫ్టు గరాజు యజమానికి దొరికింది గానీ, ఇంటి ముందు ఆదివారం పూట ఆయిల్ మార్చుకునేవాడికి దొరకలేదు. అతని దగ్గర ఉన్నది జాకీ. జాకీ కారుని లేపడానికి పనికొస్తుంది, లేపిన కారు కింద పడుకోవడానికి పనికిరాదు. ఈ తేడా తెలియక పోయిన ప్రాణాలు ప్రతి దేశంలోనూ ఉన్నాయి. ఇంటి దగ్గర కారు కింద పని చేస్తూ నలిగి చనిపోయినవాళ్ల గురించి ఆస్ట్రేలియా వినియోగదారుల సంస్థ ఏళ్లుగా హెచ్చరిస్తోంది. అక్కడ జాకీలకీ, వాహనాన్ని మోసే స్టాండ్లకీ, ఎత్తుకెళ్లి వాడుకునే ర్యాంపులకీ విడివిడిగా తప్పనిసరి భద్రతా ప్రమాణాలు ఉన్నాయి. జాకీ కంటే ర్యాంపు నిబ్బరమైనది, ఎందుకంటే అందులో కదిలే భాగం లేదు. లీకయ్యే నూనె లేదు, జారే పన్ను లేదు. చక్రం తన సొంత టైరు మీదే, వెడల్పాటి చదును మీద నిలబడుతుంది.

అలా రేకు వంచి, కోణాల ఇనుము వెల్డింగ్ చేసి చేసిన చిన్న జంట ర్యాంపులు పడమటి దేశాల ఇళ్లలోకి వచ్చాయి. రెండు చేతుల్తో ఎత్తి గోడకి ఆనించి పెట్టుకోగలిగేంత పొట్టివి. నేలకి ఎత్తుగా ఉండే కార్లకి వాటితో ఇబ్బంది రాలేదు. ముందు చక్రం బంపర్ కంటే ముందే, లేదా దాదాపు దానితో సమానంగా వాలుని తాకేది.

ఇబ్బంది కార్లు కిందికి దిగడంతో మొదలైంది. 1929లో అమెరికాలో కార్డ్ ఎల్-29, 1934లో ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ ట్రాక్షన్ అవాంట్, ముందు చక్రాలకే శక్తి ఇచ్చి, వెనక్కి పోయే షాఫ్టు తీసేసి, శరీరాన్ని నేలకి దగ్గర చేశాయి. 1948 హడ్సన్ కారులో కూర్చునే నేల ఛాసిస్ పట్టీల పైన కాకుండా వాటి నడుమకి దిగింది. జనరల్ మోటార్స్‌లో డిజైన్ విభాగాన్ని నడిపిన హార్లీ ఎర్ల్, కారుని పొడుగు చేయడం, ఎత్తు తగ్గించడం తన జీవితకాలపు లక్ష్యమని బాహాటంగానే చెప్పుకున్నాడు. 1964లో వచ్చిన ఫోర్డ్ జీటీ40 పేరులోని 40, ఆ కారు ఎత్తు అంగుళాల్లో. అంటే సుమారు ఒక మీటరు.

కాలిఫోర్నియాలో మెక్సికన్ మూలాల అమెరికన్ యువకులు తమ కార్లని ఇంకా కిందికి దించారు. 1950ల చివర అక్కడి చట్టం, మార్పులు చేసిన కారులో చక్రాలు తప్ప ఏ భాగమూ చక్రపు రిమ్ము అడుగు కంటే కిందికి ఉండకూడదంది. శాన్ బెర్నార్డినోకి చెందిన రాన్ అగిర్రే దానికి జవాబుగా, పాత విమానాల హైడ్రాలిక్ పంపులు తెచ్చి తన కార్వెట్ కారుకి బిగించాడు. పోలీసు కనబడితే కారు పైకి, దాటాక కిందికి. లోరైడర్లు అని పిలిచే, గంతులేసే ఆ కిందికి దించిన కార్లకి అదే మూలం. ఆ చట్టాన్ని కాలిఫోర్నియా 2024 జనవరి నుంచి రద్దు చేసింది. కారుకే తనని తాను లేపుకునే శక్తి ఇవ్వడం ఒక గొప్ప దారి. 1955 సిట్రోయెన్ డీఎస్ దాన్ని ఫ్యాక్టరీ నుంచే ఇచ్చింది, ఇవాళ్టి ఖరీదైన స్పోర్ట్స్ కార్లు కొన్నిటిలో మీట నొక్కితే ముక్కు లేస్తుంది. కానీ నేలకి దగ్గరగా ఉండే మామూలు కారు ఉన్నవాడికి అది అందలేదు. అతను చేయగలిగింది ర్యాంపు మార్చుకోవడమే.

ఇక్కడ కాస్త దగ్గరికెళ్లి చూడాలి. అమెరికాలో బాగా అమ్ముడుపోయే ప్లాస్టిక్ ర్యాంపుల వాలు 17 డిగ్రీల దగ్గర ఉంటుంది. మీ కారు ముందు టైరు నేలని తాకే చోటు నుంచి బంపర్ కింది అంచు దాకా 55 సెంటీమీటర్లు, ఆ అంచు నేలకి 11 సెంటీమీటర్ల ఎత్తు అనుకుందాం. 17 డిగ్రీల వాలు 55 సెంటీమీటర్ల దూరంలో దాదాపు 17 సెంటీమీటర్లు లేస్తుంది. టైరు ఇంకా ర్యాంపు మొదలుని తాకకముందే బంపర్ దాని మధ్యభాగానికి గుద్దుకుంటుంది. అదే 10.8 డిగ్రీల వాలైతే ఆ దూరంలో లేచేది పదిన్నర సెంటీమీటర్లే. అర సెంటీమీటరు తేడాతో కారు గట్టెక్కుతుంది. చక్రం ఒకసారి ఎక్కడం మొదలుపెడితే ముక్కు దానితో పాటే లేస్తుంది, ఇక భయం లేదు. ప్రమాదమంతా ఆ మొదటి తాకిడి ముందరి క్షణంలోనే.

ఇందులో చాలామంది చూడని చోటు ఒకటుంది. బంపర్ మధ్యలో టేపు పెట్టి కొలుస్తారు. ర్యాంపు వచ్చేది మధ్యలో కాదు, చక్రాల ఎదురుగా. చాలా కార్లలో చక్రానికి ముందు గాలిని పక్కకి మళ్లించే చిన్న రబ్బరు రేకు వేలాడుతూ ఉంటుంది, అది బంపర్ కంటే కిందికి ఉండొచ్చు. కొలవాల్సింది అక్కడ. మనుషులు దిగి, టైర్లలో సరైన గాలి ఉండి, పెట్రోలు ట్యాంకు మామూలుగా ఉన్నప్పుడు చదునైన నేల మీద కొలిచి, పాత అట్టముక్కని అదే వాలుకి కోసి చక్రం ముందు పెట్టి చూస్తే డబ్బు పెట్టకముందే జవాబు తెలిసిపోతుంది.

పొడుగు వాలు కావాలని తేలింది. మరి దాన్ని మోసేదెవరు? 20 సెంటీమీటర్ల ఎత్తుకి 17 డిగ్రీలతో చేరాలంటే 65 సెంటీమీటర్ల వాలు చాలు. 10.8 డిగ్రీలతో అయితే మీటరు దాటుతుంది. 6 డిగ్రీలకి దించితే 1.9 మీటర్లు. ఇనుముతో చేస్తే ఒక మనిషి కదపలేని బరువవుతుంది. ముందు పలకలు చేర్చి, పాత ర్యాంపుకి చెక్క తోక తగిలించి సర్దుకున్నవాళ్లు చాలామంది. రేసు కార్లని ట్రెయిలర్లలోకి ఎక్కించేవాళ్లకి ఇది రోజువారీ తలనొప్పి. జవాబు ఇనుప పని నుంచి రాలేదు, రసాయనశాల నుంచి వచ్చింది.

1949లో జర్మనీలోని లుడ్విగ్స్‌హాఫెన్‌లో, బీఏఎస్‌ఎఫ్ కంపెనీ రసాయన శాస్త్రజ్ఞుడు ఫ్రిట్జ్ స్టాస్ట్నీ, పాలీస్టైరిన్ నమూనా ఒకటి బూటుపాలిష్ డబ్బాలో పోసి వేడి పెట్టెలో ఉంచి మరిచిపోయాడు. తిరిగొచ్చి చూస్తే డబ్బా మూతని నెత్తిన పెట్టుకుని తెల్లటి నురుగు స్తంభం గట్టిపడి నిలబడి ఉంది. మన పెళ్లి మండపాల అలంకరణల్లో, టీవీ పెట్టెల్లో ఉండే థర్మోకోల్ అదే. అందులో 98 శాతం గాలి. చేత్తో తుంచితే పూసలుగా రాలే ఈ పదార్థం టన్నుల బరువు మోస్తుందని మొదట నమ్మినవాళ్లు రోడ్లు వేసేవాళ్లు. 1972లో నార్వేలో, ఓస్లో దగ్గరి ఫ్లోమ్ వద్ద, మెత్తటి పీట్ నేల మీద వేసిన రోడ్డు ఏటేటా కుంగిపోతుంటే, కట్ట మట్టి కొంత తీసేసి థర్మోకోల్ దిమ్మెలు పేర్చారు. కుంగడం ఆగింది. తక్కువ సాంద్రత ఉన్నా, బరువు వెడల్పుగా పరుచుకున్నప్పుడు ఆ దిమ్మెలు చక్కగా మోస్తాయి.

అసలు బలహీనత ఉపరితలం. రాయి గుచ్చుకుంటే గుంట, పెట్రోలు చుక్క పడితే కరగడం. దానికి విరుగుడు పాలీయూరియా పూత. 1980ల చివర అమెరికాలో టెక్సాకో కంపెనీ రసాయన విభాగం నుంచి వచ్చిన ఈ పూతని పిచికారీ చేస్తే సెకన్లలో గట్టిపడుతుంది. పికప్ ట్రక్కుల వెనక తొట్టికి గీతలు పడకుండా వేసే పూతల్లో ఇదొకటి. దట్టమైన థర్మోకోల్‌ని వాలుగా కోసి, చుట్టూ పాలీయూరియా కొడితే, మీటరున్నర పొడుగు ర్యాంపుని ఒక్క చేత్తో పట్టుకెళ్లొచ్చు. రేస్ ర్యాంప్స్ లాంటి కంపెనీలు ఇదే పద్ధతి పట్టుకున్నాయి. ఆ తర్వాత ఇంకో మంచి ఆలోచన చేరింది, ర్యాంపుని రెండు ముక్కలు చేయడం. కారు ఎక్కి నిలబడ్డాక వాలు ముక్కని వెనక్కి లాగేస్తే, చక్రం కింద దిమ్మె మాత్రమే మిగులుతుంది. పక్కనుంచి కిందికి దూరడానికి దారి దొరుకుతుంది. అంత చిన్న మార్పు ఇంత ఉపయోగపడటం నాకు ఈ కథలో ఎంతో నచ్చిన చోటు.

పొడుగు వాలు ఇచ్చే ఇంకో మేలు గురించి అమ్మేవాళ్లు అంతగా చెప్పరు. అది జారకపోవడం. వెనక చక్రాలు తోసే కారులో ముందు చక్రం ఊరికే దొర్లుతుంది, కాబట్టి అది ర్యాంపుని ముందుకి నెడుతుంది. చక్రం మీద 400 కిలోల బరువుంటే 17 డిగ్రీల ర్యాంపుని ముందుకి తోసే బలం 120 కిలోల పైమాటే. 11 డిగ్రీల ర్యాంపు మీద 80 కిలోల లోపు. నున్నటి టైల్స్ మీద, కాస్త దుమ్మో తడో ఉంటే మొదటిది సర్రున జారుతుంది, రెండోది నిలబడుతుంది. స్టెవిన్ గొలుసు లెక్క ఇక్కడ ప్రాణం కాపాడుతుంది. ముందు చక్రాలే లాగే కార్లలో తీరు వేరు. నిదానంగా ఎక్కితే చక్రం ముందుకి నెట్టేదీ వెనక్కి లాగేదీ ఒకదానికొకటి సరిపోయి ర్యాంపు కదలదు. కంగారుపడి యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం టైరు ర్యాంపుని తన కిందినుంచి వెనక్కి విసిరేస్తుంది. అందుకే ర్యాంపు మొదట్లో ఒక రబ్బరు పట్టీ బిగించి, టైరు ముందు దాని మీదికి ఎక్కేలా చూసుకుంటారు. ర్యాంపు కదలబోతే కారు బరువే దాన్ని పట్టుకుంటుంది.

డబ్బా మీద అచ్చువేసిన టన్నుల సంఖ్య చూసి ర్యాంపు కొనేవాళ్లే ఎక్కువ. 1,400 కిలోల కారులో ముందు భాగానికి పడేది 850 కిలోల లోపు, ఒక్కో ర్యాంపు మీద 425. పేరున్న ర్యాంపు ఏదైనా అది మోస్తుంది. నేలకి దగ్గరగా ఉండే కారు ఉన్నవాడు ముందు చూడాల్సింది వాలు, తర్వాత టైరు వెడల్పుకి చదును భాగం సరిపోతుందా లేదా అన్నది, ఆ తర్వాతే బరువు. అడ్డదిడ్డంగా ఇటుకలు, చెక్కలు పేర్చి కారెక్కించడం ఏ లెక్కనా సరికాదు. ఇటుక బరువుకి వంగదు, ఒక్కసారిగా పగులుతుంది.

మన రోడ్ల మీదికొస్తే, ఈ లెక్క గరాజు లేనివాళ్లకి కూడా రోజూ తగులుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్థపు వంపుతో ఉండాల్సింది. లెక్కేస్తే దాని అంచు దగ్గర వాలు 6 డిగ్రీల పైచిలుకు మాత్రమే. ఏ సెడాన్ అయినా హాయిగా దాటుతుంది. కాలనీల్లో అడుగున్నర వెడల్పులో పోసే సిమెంటు దిబ్బలకి ఆ ప్రమాణంతో సంబంధం లేదు, అడుగు తగిలేది అక్కడే. అపార్టుమెంటు సెల్లార్‌లోంచి పైకొచ్చేటప్పుడు ఆఖర్న కారు నడుము రాసుకోవడం ఇంకో రకం. చక్రాల మధ్య 2.6 మీటర్లు, నడుము కింద 10 సెంటీమీటర్లు ఉన్న కారు 9 డిగ్రీల లోపు విరుపునే దాటగలదు. ఎనిమిది అడుగులకి ఒక అడుగు లేచే సెల్లార్ వాలు 7 డిగ్రీలు. నలుగురు కూర్చుంటే ఆ తేడా మాయమవుతుంది. పై చివర, కింది చివర రెండు మూడు మీటర్ల మేర సగం వాలుతో కడితే బాధే ఉండదు. ఇల్లు కట్టేవాళ్లు మేస్త్రీకి ఈ ఒక్క మాట ముందే చెప్పాలని నా గట్టి కోరిక.

ర్యాంపు ఎక్కించే పని నెమ్మదిగా చేయాల్సింది. నేల గట్టిగా, మట్టంగా ఉండాలి. మట్టి నేల, ఎండకి మెత్తబడ్డ తారు పనికిరావు. రెండు ర్యాంపులూ టైర్లకి సూటిగా, తాకీ తాకనట్టు పెట్టాలి. దారి చూపే మనిషి కారుకి ఎదురుగా కాక, పక్కన నాలుగడుగుల దూరంలో నిలబడాలి. ఎక్కాక ముందుండే అడ్డుకట్టకి టైరు తాకడం సీటులో తెలుస్తుంది, అక్కడితో ఆపాలి. హ్యాండ్ బ్రేకు చాలా కార్లలో వెనక చక్రాలకే పడుతుంది, ఆ చక్రాలు నేల మీదే ఉన్నాయి కాబట్టి వాటి వెనకా ముందూ చెక్క దిమ్మెలు బిగించాలి, గేరులో ఉంచాలి. కిందికి దూరేముందు కారుని పక్కనుంచి గట్టిగా ఊపి చూడాలి. కదిలితే దించి మళ్లీ ఎక్కించాలి.

ఆయిల్ మార్చేవాళ్లకి ఒక సంగతి. ముక్కు 20 సెంటీమీటర్లు లేచిన కారు సుమారు నాలుగున్నర డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. ఆయిల్ చాంబర్ నట్టు వెనక వైపుంటే పాత నూనె పూర్తిగా దిగుతుంది, ముందు వైపుంటే కొంత లోపలే నిలిచిపోతుంది, అప్పుడు వెనక చక్రాల కింద కూడా దిమ్మెలు పెట్టి కారుని మట్టం చేయాలి. కొత్త నూనె పోశాక ఆ వాలు మీద డిప్‌స్టిక్ చూపే కొలత నమ్మకూడదు. ఇంజన్ కాసేపు తిప్పి, నట్టు దగ్గర చెమ్మ లేదని చూసుకుని, రెండు ముక్కల ర్యాంపైతే వాలు ముక్కలు తిరిగి బిగించి, కారుని రివర్స్‌లో నిదానంగా దించి, చదును నేల మీద ఐదు నిమిషాలాగి అప్పుడు కొలవాలి.